చింతగింజల మూపురం

నన్ను కన్న మా అవ్వ రైలెక్కి వస్తున్నదన్న మాట మొదట నా చెవిన వేసింది గాజుల రాజవ్వ. ఆమెది కామారెడ్డి. గాజుల మలారం భుజాన వేసుకుని, బండి దొరికితే ఎక్కి, దొరకకపోతే నడిచి, ఎల్లారెడ్డి దాకా ఊరూరా తిరిగేది. ఆ రోజు నా చెయ్యి పిసికి గాజు ఎక్కిస్తూ ఆ మాట చెప్పింది. సంతోషం పట్టలేక చెయ్యి గుంజుకున్నాను. ఎక్కిన గాజులన్నీ చిట్లిపోయాయి. అది మంచి శకునం కాదని తెలిసి కూడా ఊరుకోలేదు. ఊరుకుని ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఆ పక్షం తిరిగేలోపల ఒక పెద్దమనిషి ముక్కును, ఒక పిల్లి బుద్ధిని, జత ఎడ్ల క్రమశిక్షణను, కడుపులో దాచుకున్న నా ఒకే ఒక కోరికను నా చేతులారా పాడు చేశాను. వాటిలో పిల్లి ఒక్కటే లాభపడింది.

రాజవ్వ చెప్పిన సంగతి ఇది.

"గాజులకని పట్నం వోయి, మీ అన్న ఇంటికి వోయిన సత్తెవ్వా. మీ అవ్వ కార్తీక పున్నమకు భజనోళ్లతోని బాసర వోతదట. తానం జేసి ఎన్కకు వచ్చే రైల్ల మూడోనాడు తెల్లారంగ కామారెడ్డికి వస్తదట. టేషన్ల మీవోళ్లు కనవడ్తె దిగుత, కనవడకుంటె భజనోళ్లతోనే సక్కగ పట్నం వోత అని చెప్పుమన్నది. ఒక్కతి ముసల్ది పరాయి ఊర్ల ఎట్ల దిగుతది, నువ్వే చెప్పు."

"దిగితె ఎన్ని రోజులుంటదట?"

"గది గూడ అడిగిన. నవ్వింది. మా ఇయ్యంకుని గురక ఎట్లున్నదో చూసినంక చెప్త అన్నది."

నాకు నవ్వు రాలేదు.

మా బాపు బతికి ఉన్నప్పుడు నాకు ఒక ఇల్లు, ఇసుకలో వేలు పట్టి దిద్దించిన అక్షరాలు, ఒక వాకిలి ఉండేవి. బాపు పోయాక అవ్వ సికింద్రాబాదులో మా అన్న దగ్గరికి చేరింది. వాళ్ల ఇల్లంతా ఒకటే అర్ర, ఒక్క గది. పుట్టింటికి పోదామంటే పుట్టిల్లు ఆ ఒక్క అర్రలోకి ముడుచుకుపోయింది. అంతకు ముందు యేడు నాకొక బిడ్డ పుట్టి, పురుడు తీరకముందే దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది. అప్పుడు అవ్వ జ్వరంతో మంచం దిగలేక రాలేకపోయింది. మా అత్త ఏడ్చింది, మామ తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేను మాత్రం ఏడవలేదు. అవ్వ వచ్చినప్పుడు ఆమె ఒడిలో ఏడుద్దామని దాచుకున్నాను. దాచుకున్నది ఏదైనా బరువెక్కుతుంది కదా. అదీ నా కోరిక. అవ్వ రావాలి, వచ్చి కొన్నాళ్లుండాలి. అడ్డమల్లా మా మామ గురక.

ఆ గురక గురించి కొంచెం చెప్పాలి. మామూలుగా మనుషులు గురక పెడతారు. మా మామ పెట్టేది గురక కాదు, అదొక వ్యవసాయం. మొదట మోట గిరక ఏడ్చినట్టు సన్నగా మొదలై, జల్లెడలో మొరం పోసి ఆడించినట్టు పెరిగి, ఆఖరున చెరువు తూము తెరిచినట్టు బుసబుసమని వదిలేది. మా వాకిట్లో కోళ్లు కూడా గురక ఆగిన తర్వాతే తెల్లవారిందని నమ్మేవి. నాకు చదువు వచ్చని ఆయనకు మహా గర్వం. రోజూ దీపాలు పెట్టగానే పురాణం చదివించుకునేవాడు. రెండో పద్యానికి నిద్రపోయేవాడు. చదవడం ఆపితే మాత్రం చటుక్కున లేచి, "ఆపినవేంది బిడ్డా, ఇంటున్న గదా" అనేవాడు.

మా అవ్వ అంతకు ముందు ఒకేసారి వచ్చింది. రెండు రాత్రులు కన్ను మూయలేదు. మూడోనాడు మిరపపండ్లలాంటి కళ్లతో బండెక్కుతూ నా చెవిలో, "మీ మామ బంగారం బిడ్డా. గని నిద్రవోతె ఇత్తడి" అన్నది.

అందుకని ఇత్తడిని బంగారం చేసే పని మీద పడ్డాను.

"ఆవునెయ్యి జెర వెచ్చజేసి ముక్కులల్ల సుక్కలెయ్యి. మా అవ్వగారింట్ల గదే జేస్తుండ్రి" అన్నది మా అత్త, బియ్యం చెరుగుతూ.

"మరి ఇన్నొద్దులు నువ్వెందుకు వెయ్యలేదు అత్తా?"

"నాకేంది నొప్పి. ఆ సప్పుడు లేకుంటె నాకు నిద్ర రాదు."

రాజవ్వ పెదవి విరిచింది. "నెయ్యి గియ్యి పసిపోరలకు. కామారెడ్డిల హకీం సాబు ఉన్నడు. ఆయన మాజూను నాకితె గొంతు పూలబాట అయితది. అది గూడ కాకుంటె బీర్కూరుల ఒకామె జేసే ఉపాయం ఉన్నది. చింతగింజలు మూటగట్టి, అంగి ఎన్క నడిమిట్ల కుట్టాలె. ఎల్లెలకల పండుకుందామంటె గుచ్చుకుంటది, పక్కకు తిరుగుతడు. పక్కకు తిరిగినోడు గురక వెట్టడు."

"ఆమె మొగడు ఇప్పుడు గురక వెడ్తలేడా?" అన్నది అత్త.

"మొగడు పట్నంల ఉంటడు. ఆమెకైతె వినవడ్తలేదట."

మూడు మందుల్లో ఏది మంచిదో నాకు తేలలేదు. తేలనప్పుడు దేవుణ్ని అడగడం మా బాపు నేర్పిన పద్ధతి. పూలను మోదుగాకుల్లో చుట్టి, దేవుడి ముందు పెట్టి, కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. బంతిపూవు వస్తే నెయ్యి, మందారం వస్తే మాజూను, గన్నేరు వస్తే చింతగింజలు. ఇవి మూడూ కాక ఒక నందివర్ధనం కూడా పెట్టాను. తెల్లపూవు వస్తే ఏమీ చేయవద్దని. "దేవుణ్ని అడిగినప్పుడు వద్దు అనడానికి గూడ ఆయనకొక చోటుంచాలె బిడ్డా" అనేవాడు బాపు.

దీపం వెలిగించి, దండం పెట్టి, ఒక ఆకు తీశాను. తెల్లపూవు.

స్వామికి నా మాట సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. ఇంకొంచెం గట్టిగా చెప్పుకుని మళ్లీ తీశాను. తెల్లపూవు.

పాపం, ఎన్ని లోకాల పని ఆయనకు. తేలిక చేద్దామని తెల్లపూవును తీసి జడలో పెట్టుకుని, మూడోసారి అడిగాను. ఈసారి బంతిపూవు వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఇంట్లో దేవుడు వద్దన్నా పూజారి సరేనన్నది. ఆ పూజారిని నేనే.

ఆ సాయంత్రం నేతిగిన్నెతో మామ మంచం దగ్గరికి వెళ్లాను.

"ఏంది బిడ్డా, నన్ను దీపం లెక్క ఎలిగిస్తవా?"

"గురక తగ్గుతదట మామా. అవ్వ వస్తున్నది గదా."

మామ మొహం పైకెత్తి కళ్లు మూసుకున్నాడు. చుక్కలు వేశాను. మొదటి తుమ్ముకు దూడ తాడు తెంపుకుంది. రెండో తుమ్ముకు నెయ్యంతా మీసాల్లోకి వచ్చింది. ఆ మీసాలతోనే పడుకున్నాడు, గురక కూడా పెట్టాడు, కొత్తగా కొంచెం జిడ్డుగా. కాసేపటికి మా పిల్లి మంచమెక్కి మీసాలు నాకడం మొదలుపెట్టింది. మామ నిద్రలోనే మెల్లగా, "ఊకోవే, కోడలు సూస్తది" అన్నాడు.

పక్క మంచం మీద మా అత్త లేచి కూర్చుంది. నేను గోడవైపు తిరిగి, నోట్లో కొంగు కుక్కుకుని, వచ్చిన స్తోత్రాలన్నీ చదువుకున్నాను. ఆ పిల్లి మళ్లీ ఎలుకల జోలికి పోలేదు. రోజూ చీకటి పడగానే మామ మంచం కింద కూర్చునేది.

మాజూను సంగతి త్వరగా చెబుతాను, ఎందుకంటే అది త్వరగానే అయిపోయింది. రాజవ్వ తెచ్చి ఇచ్చిన డబ్బీలోని లేహ్యం గోరంత నాకాలి. తియ్యగా ఉంది. నేను పెరట్లోకి వెళ్లి వచ్చేసరికి మామ దాన్ని జొన్నరొట్టెకు పూసుకుని డబ్బీ అడుగు తుడుస్తున్నాడు. "హకీం సాబు మంచోడు బిడ్డా" అన్నాడు. గొంతు పూలబాట అయిందో లేదో తెలియదు గానీ, చెంబు పట్టుకుని తిరిగి తిరిగి మా చెలక బాట మాత్రం అరిగింది.

ఇక మిగిలింది గన్నేరుపూవు. చింతగింజలు కడిగి ఆరబెట్టి, మారేడుకాయంత మూట కట్టి, మామ అంగి వెనక నడుమ కుట్టాను. నా కుట్టు గట్టిది. ఆ రోజు దాన్ని తలుచుకుని గర్వపడ్డాను కూడా. మామ తొడుక్కుని వెనక్కి చెయ్యి పెట్టి తడుముకున్నాడు.

"ఎడ్లకున్నదని నాకు గూడ మూపురం వెట్టినవా. ఇగ కాడి ఒక్కటే తక్కువ."

"గుచ్చుకుంటదా మామా?"

"మీ అవ్వ కోసమైతె ముండ్లమూట కుట్టినా ఏసుకుంట తియ్యి."

వెల్లకిలా పడుకున్నాడు. 'అబ్బా' అని పక్కకు తిరిగాడు. అంతే. ఇంట్లో చప్పుడు లేదు. ఇంటి కప్పులో చిమ్మెట అరుస్తుందని నాకు ఆ రాత్రే తెలిసింది. నేను లేచి, రెండుసార్లు వద్దన్న దేవుడికే దండం పెట్టుకున్నాను. మా అత్త మాత్రం మాటిమాటికీ లేచి మామ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నిట్టూర్చి పడుకునేది.

"ఈ సల్లగుండుడు నాకు మంచిగనిపిస్తలేదు పిల్లా" అన్నది తెల్లవారి.

నేను వింటేనా.

పున్నమి వెళ్లిన మర్నాడు పొద్దు వాలకముందే బండి కట్టాం. మా ఇంటాయన వరికోతల మీద ఉన్నాడు, అందుకని మామ వచ్చాడు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి రాత్రంతా ప్రయాణం. ఆ రోజుల్లో వడ్లబండ్లన్నీ అలాగే రాత్రిపూట పోయేవి. బండి కింద కందిలి దీపం వేలాడేది, పైన మనిషి పడుకునేవాడు, ఎడ్లే దారి చూసుకుని నడిచేవి. మా పుల్లెద్దు, మైలెద్దు ఆ దారిలో పేరుమోసినవి. మామ నిద్రలేచేసరికి కామారెడ్డి గంజిలో, ధాన్యం బజారులో, నిలబడి ఉండేవి. తక్కిన బండ్లన్నీ మా బండి వెనకే వచ్చేవి. ఆనాడు బజారు లేదు, మా బండి ఒక్కటే.

లింగంపేట వాగు దగ్గర ఎడ్లకు నీళ్లు చూపించాం. రొట్టె తిన్నాం. వెన్నెల పిండి ఆరబోసినట్టుంది. మామ బండెక్కుతూ ఆగాడు.

"బిడ్డా, ఈ మూపురం బండిల గూడ ఏసుకోవాల్నా? ఇక్కడ ఎవరున్నరు ఇననీకి?"

ఇక్కడ కొంచెం ఆగి నన్ను చూడండి. దేవుడు ఆయన నోట మూడోసారి తెల్లపూవు అందిస్తున్నాడు. నేనేమన్నాను?

"ఏసుకో మామా. అలవాటు తప్పితె రేపు అవ్వ వచ్చినంక మల్ల మొదలైతది."

మామ వేసుకున్నాడు. ఎడ్లను అదిలించాడు. చక్రాలు నాలుగు దొర్లులు దొర్లాయో లేదో పక్కకు తిరిగి నిద్రపోయాడు. నేను గడ్డి మీద పడుకుని, అవ్వకు ఏది ముందు చెప్పాలో ఏది తర్వాత చెప్పాలో పేర్చుకుంటున్నాను. సంతోషంతో రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. కలలో అవ్వ చెయ్యి నా తల మీద ఉంది, వెచ్చగా. ఆ వెచ్చదనం పెరిగి పెరిగి కళ్లలోకి గుచ్చుకుంది. కళ్లు తెరిచాను. అది ఎండ.

కల్లుకుండలతో పోతున్న ఒకాయన బండి పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఏంది పటేలా, గీడనే ఉన్నరు? ఎడ్లకు ఏమన్న అయిందా?"

మామ లేచి చూశాడు. నేనూ చూశాను. ముందు పోవాల్సిన తొవ్వ. వెనక, చేతికందేంత దూరంలో, లింగంపేట వాగు. మేము తిని పారేసిన ఆకులు కూడా అక్కడే ఉన్నాయి. పుల్లెద్దు, మైలెద్దు కాడి కింద నెమరు వేస్తూ, తర్వాత ఏం చేయమంటారు అన్నట్టు మా వైపు తిరిగి చూశాయి.

"మామా, రైలు" అన్నాను.

మామ చెర్నాకోల పట్టి ఎడ్లను ఉరికించాడు. ముందుకు చూస్తూనే, "ఎడ్లది తప్పు లేదు బిడ్డా" అన్నాడు.

"మరి?"

"లేగలప్పటి సంది నా ఎన్కనే పెరిగినయ్. నేను గురక వెడ్తుంటె తొవ్వ మీదున్నం అన్నట్టు. గురక ఆగింది అంటె నేను లేచిన అన్నట్టు. లేచిన అంటె నీళ్లకాడికి వచ్చినం, ఆగాలె అన్నట్టు. గింతే వాటి శాస్త్రం."

"నీకు ముందుగాల్నే తెలుసా మామా?"

"నాకెట్ల తెలుస్తది? నేను నిద్రల ఉంట గదా."

కామారెడ్డి స్టేషను చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. పట్టాలు ఎండకు మెరుస్తున్నాయి. సీతాఫలాల గంప ముందు పెట్టుకుని ఒక పండ్లామె తప్ప ఎవరూ లేరు.

"పొద్దుగాలటి రైలు వోయిందా?" అన్నాను.

"పొద్దుగాలటిది పొద్దుగాలనే వోతది. పగటీలి దాక నిలవడనీకి అదేమన్న ఎడ్లబండా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. "నువ్వేనా, ఎల్లారెడ్డి సత్తెవ్వ అంటె?"

తల ఊపాను.

"ముసలామె కిందికి దిగి గీ నా గంపకాడనే నిలవడ్డది. ఇంజను నీళ్లు తాగినంతసేపు గా తొవ్వ దిక్కే సూసింది. భజనోళ్లు పిలిస్తె వోయేది, మల్ల వచ్చేది. కూత వెట్టినంక ఎక్కింది. గీ మూట నాకిచ్చి, సత్తెవ్వ అని వస్తది, ఏడుస్తది, ఒక పండు వెట్టు అన్నది. పండుకు పైస గూడ ఇచ్చి వోయింది."

ఆమె మంచి పండు ఏరి నా చేతిలో పెట్టింది. నేను మూట విప్పాను. బాసర కుంకుమ, ఒక రవికె గుడ్డ, వాటి కింద తెల్లగుడ్డలో చుట్టిన దూది. శుభ్రంగా ఏకి, దీపంవత్తులు చేసినంత శ్రద్ధగా చిన్న చిన్న ఉండలు చేసింది.

"మూటల మెత్తగ ఏందమ్మా అని నేను గూడ అడిగిన" అన్నది పండ్లామె. "మా ఇయ్యంకుడు గురక వెడ్తడు, చెవులల్ల వెట్టుకుంట, శివరాత్రి దాక ఉందామని సరిపోను జేసుకున్న అన్నది."

ఎన్ని ఉండలున్నాయో లెక్కపెట్టే ధైర్యం నాకు లేకపోయింది. లోకంలోని మందులన్నీ నేను మామ ముక్కుకు, మామ గొంతుకు, మామ వీపుకు వెదికాను. ఆమె తన చెవులకు వెదుక్కుంది. నాలుగు పూలు పెట్టిన నాకు ఒక దూదిపువ్వు పెట్టడం ఎందుకు తోచలేదో ఆ దేవుడికే తెలియాలి.

మామ ఆ దూదిని చూశాడు. వెనక్కి చెయ్యి పెట్టి మూపురాన్ని పట్టి లాగాడు. నా కుట్టు గట్టిదన్నాను కదా, అంగితో సహా వచ్చింది. చింతగింజలు ప్లాట్‌ఫారం నిండా దొర్లాయి.

"గిదేంది పటేలా?" అన్నది పండ్లామె.

"గురక మందు."

"తగ్గిందా మరి?"

"తగ్గింది తల్లీ. అన్నీ తగ్గినయ్."

తిరుగు ప్రయాణంలో కూడా నేను ఏడవలేదు. చీకటి పడింది. చిరిగిన అంగి వేసుకున్న మామ వెల్లకిలా పడుకుని, వెంటనే గురక మొదలుపెట్టాడు. ఎడ్లు టక్కున ఆగి, వెనక్కి తిరిగి చూశాయి. మామ ఒక కన్ను తెరిచాడు.

"దొంగ గురకకు ఎద్దు సుత మోసపోతలేదు సూడు బిడ్డా."

నాకు నవ్వు వచ్చింది. నవ్వుతోపాటు కొంచెం ఏడుపు కూడా వచ్చింది. దాన్ని చూసి మామ నిజంగానే నిద్రపోయాడు. మోట గిరక కదిలింది, జల్లెడ ఆడింది, తూము తెరుచుకుంది. బండి కదిలింది. ఆ రాత్రి ఇల్లు చేరేదాకా నేను ఆ గురక వింటూ కూర్చున్నాను. అంతకు ముందెప్పుడూ దాన్ని వినలేదని అనిపించింది, ఓర్చుకున్నాను అంతే.

కోతలయ్యాక మామ తువ్వాల భుజాన వేసుకుని, "నడువు బిడ్డా, పట్నం వోదాం" అన్నాడు.

"ఓ, ఇంటున్నవా? కోడలిని అవ్వగారింటికి మామ తోలుకవోతడా ఎక్కడన్న? దాని మొగడు లేడా?" అన్నది అత్త.

"బండి ఆగింది నా గురక ఆగినందుకే గదా. తోలుకవొయ్యే బాకి నాదే" అన్నాడు మామ.

ఆయన రైలెక్కడం అదే మొదలు. దారంతా కళ్లు విప్పార్చుకుని నిటారుగా కూర్చున్నాడు. "జెరసేపు పండుకో మామా" అన్నాను.

"వద్దు బిడ్డా. నేను పండుకొని, నడిమిట్ల గురక ఆగిందంటె, ఇది సుత ఏడన్న నిలవడ్తదేమో."

అవ్వను చూశాను. ఏం చెప్పను, గడపలోనే ఇద్దరం నిలబడిపోయాం. రాత్రి మామ పక్కచుట్ట పట్టుకుని బయట అరుగు మీదికి పోయాడు. లోపల దీపం ఆర్పి అవ్వ పక్కన పడుకున్నాను. అప్పుడు మొదలుపెట్టాను. పురిటినొప్పుల నుంచి, ఆ బిడ్డ పిడికిలి నుంచి, అత్త పోసిన చివరి స్నానం నుంచి, దాచుకున్నదంతా ఒక్కొక్కటిగా చెప్పాను. చెబుతూ అవ్వ చెయ్యి నొక్కాను. నొక్కినప్పుడల్లా అవ్వ "ఊఁ" అన్నది. ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. ఇంత ఓపికగా వినే తల్లినిచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకుని, తేలికైన గుండెతో నిద్రపోయాను.

తెల్లవారి అవ్వ లేచి కూర్చుని, కుడి చెవిలోంచి ఒక దూది ఉండ తీసింది. ఎడమ చెవిలోంచి ఇంకోటి తీసింది.

"రాత్రి ఏమన్న అన్నవా బిడ్డా? మాటిమాటికి చెయ్యి ఒత్తినవు."

"ఊఁ అన్నవు గదా అవ్వా."

"నువ్వు ఒత్తినవని అన్న. మీ మామ బయట పండుకున్నడు గదా, ముందుగాల్నే వెట్టుకున్న. గని ఈ దూది మస్తు మంచిగ పనిజేసింది. ఒక్క గురక వినవడలె."

తలుపు తీసి చూశాను. మామ అరుగు మీద గోడకానుకుని, కళ్లు ఎర్రగా, కూర్చునే ఉన్నాడు. పక్క చుట్ట విప్పనే లేదు.

"పండుకోలేదా మామా?"

"మీ అవ్వకు నిద్ర తక్కువ గదా బిడ్డా" అన్నాడు.

మూపురం లేకుండా ఆయన గురక పెట్టని రాత్రి జన్మలో అదొక్కటే. ఏ మందూ లేకుండా తగ్గింది. ఆ రాత్రే అవ్వ చెవులు మూసుకుంది, ఆ రాత్రే నేను నోరు తెరిచాను. మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. పగటి వెలుగులో, దూది లేని చెవులకు, అవ్వ ముఖం చూస్తూ చెప్పాను. ఈసారి ఊఁ అనలేదు. నన్ను ఒడిలోకి లాక్కుంది. దాచుకున్నదంతా అక్కడ దించుకున్నాను. బయట మామ అప్పటికి నిద్రపోయినట్టున్నాడు, అరుగు మీద తూము తెరుచుకుంది. మేమిద్దరం అలాగే వింటూ ఉండిపోయాం. అవ్వ దూది కోసం చెయ్యి చాచలేదు.

అవ్వ పోయి చాలా కాలమైంది. మామ పోయాడు, ఆ ఎడ్లూ పోయాయి. ఇప్పుడు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సు చాయ చల్లారకముందే చేరుస్తుంది, ఎవరూ గురక పెట్టనక్కరలేదు. మా ఇంటాయన చప్పుడు లేకుండా నిద్రపోతాడు. తండ్రి గుణాలన్నీ కొడుకుకు రావు. ఇంటి కప్పులో చిమ్మెట అరిచినప్పుడల్లా నాకు మెలకువ వస్తుంది. బండి ఆగిపోయిందేమో అనిపిస్తుంది.

కాబట్టి దీపం ఎదుట, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ మనిషి గురకకూ మందు వెదకను. చింతగింజలను వామనగుంటలాటకు తప్ప ముట్టను. తెల్లపూవు వస్తే తెల్లపూవే అని కళ్లకద్దుకుంటాను, రెండోసారి అడగను. మహా అయితే ఒక్కసారి, నిజంగా వినపడలేదేమో అని అనుమానం వస్తే తప్ప.

మిమ్మల్ని ఒకటే అడుగుతాను. మీ ఇంట్లో ఎవరైనా గురక పెడుతుంటే తట్టి లేపకండి. బండి తొవ్వ మీదే ఉంది, నడుస్తున్నది అనుకుని, మా మామను ఒక్కసారి తలుచుకోండి. కోడలు మామ పేరు పలకకూడదంటారు. ఇన్నేళ్లూ నేను పలకలేదు. కానీ పేరు తెలియకుండా మీరెట్లా తలుచుకుంటారు? అందుకని ఈ ఒక్కసారికి దేవుణ్ని అడగకుండానే చెబుతున్నాను. ఆయన పేరు గంగారాం.